పక్క సీటు

మా మామయ్య కళ్ళజోళ్ళు కుదిర్చే మనిషి. అమ్మే మనిషి అంటే ఒప్పుకోడు. అమ్మడం గల్లా దగ్గర కూర్చున్న ఎవరి వల్లయినా అవుతుందట, కుదర్చడం వేరట. బజారు మలుపుకి కాస్త ఇవతల, రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన షాపు. లోపల ఒక బల్ల, బల్ల మీద వేడి ఇసుక గిన్నె, సీసా మూతల్లో పోసిన బుల్లి బుల్లి స్క్రూలు, వాటికి తగ్గ స్క్రూడ్రైవర్లు. కళ్ళజోడు కాడని ఇసుకలో గుచ్చి, మెత్తబడ్డాక చెవి వంపుకి తగ్గట్టు వంచుతాడు. ఎడమ చెవి దగ్గర అరమిల్లీ ఎత్తుంది అంటాడు, ముక్కు మీద అరమిల్లీ జారుతోంది అంటాడు. అలా బజారులో ఆయనకి అరమిల్లీ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కోపం లేదు సరికదా, లోపల కొంచెం గర్వం కూడా.

పని అంతా అయ్యాక అందరిలా అద్దం చేతికివ్వడు. "వేసుకుని ఓసారి ఆ మలుపు దాకా నడిచి రండి" అంటాడు. అద్దంలో చూసుకుంటే మొహం ఎలా ఉందో తెలుస్తుందిగానీ జోడు ఎలా ఉందో తెలియదని ఆయన వాదన. ఎండైనా వానైనా, వచ్చినవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా వదలడు. కారు దిగి వచ్చిన పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా కిక్కురుమనకుండా మలుపు దాకా వెళ్ళి రావలసిందే. వాళ్ళు తిరిగొస్తుంటే ఈయన మొహంకేసి చూడడు, కాళ్ళకేసి చూస్తాడు. అడుగు తడబడకుండా పడుతుంటే, "కుదిరింది" అని తనలో తను అనుకుని బల్ల తుడుచుకుంటాడు.

ఇంత పద్ధతి గల మనిషి తన కారు దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి శుభ్రంగా మరిచిపోయాడు.

నేను వాళ్ళింట్లో ఎలా చేరానో చెప్పాలి. నాకు ఆ ఊళ్ళో బీమా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. గది దొరికేదాకా ఉంటానని పెట్టె పట్టుకుని వెళ్ళాను. గది ఇప్పటికీ దొరకలేదు, వెతికితే కదా దొరకడానికి. మా అమ్మకి ఆయన సొంత తమ్ముడు. పిల్లలు లేరు. ఆ లోటు వాళ్ళెప్పుడూ నాతో అనలేదుగానీ, నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే ఇద్దరూ వీధి గుమ్మంలో నిలబడి, తీరా నన్ను చూశాక గాలికి నిలబడ్డామని చెప్పేవాళ్ళు. నన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారు. ఇది రాస్తున్నది సగం ఆ రుణం తీర్చుకోవడానికే, తీరేది కాదని తెలిసినా సరే.

అత్తయ్య తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేసేది. పొట్టి మనిషి. కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుంటేగానీ వచ్చినవాళ్ళకి కనిపించదు. ఎక్కడికైనా నడిచే వెళుతుంది. ఎందుకంటే ఆవిడకి బండి పడదు. రైలు ఒక్కటే ఎలాగో పడుతుంది. బస్సుగానీ కారుగానీ ఎక్కిందంటే ఊరి పొలిమేర దాటకముందే కడుపులో తిప్పడం మొదలవుతుంది. టీవీలో కారు కొంచెం వేగంగా వెళుతున్నా మొహం అటు తిప్పుకునేది. డాక్టర్లు ఇచ్చిన మాత్రలు వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది, ఆ నిద్రలోంచి లేచి మరీ వాంతి చేసుకునేది. నిమ్మకాయ లేకుండా ఆవిడ గడప దాటగా నేను చూడలేదు.

అత్తయ్యకి ఒకే ఒక్క అక్క. ఆ అక్క ఉండేది కొండకి అవతలి ఊళ్ళో. అక్కడికి రైలు లేదు, ఉన్నదల్లా మెలికలు తిరిగే కొండ దారి. ఒకసారి బస్సులో బయలుదేరి, సగం కొండ ఎక్కేసరికి ఒళ్ళు తెలియకుండా పడిపోయి, ఆసుపత్రి మంచం మీద సెలైన్ సీసాలు ఎక్కించుకుని వెనక్కి వచ్చేసిందట. ఆ తరువాత అక్కాచెల్లెళ్ళు కలుసుకున్నదంతా ఫోనులోనే. అక్క ఇటు వద్దామంటే బావగారు మంచాన ఉన్నాడు, ఆయన్ని వదిలి ఒక్క పూట కూడా కదలడానికి లేదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం అక్క ఫోను చేసింది. కొన్నాళ్ళుగా కళ్ళు మసకేస్తున్నాయని చూపించుకుంటే, కంటి వెనక పొర పాడవుతోందన్నారట. నేరుగా చూస్తే నడిమధ్య మరక పడ్డట్టు ఉంటుందట, అంచుల్లో మాత్రం కనిపిస్తుందట, ఆ మరక పెరుగుతూ పోతుందట. ఇవన్నీ వాతావరణం చెప్పినట్టు మామూలుగా చెప్పింది. చివర్లో మాత్రం, "పూర్తిగా పోకముందే నీ మొహం ఓసారి చూడాలనుందే" అంది. అత్తయ్య ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే కడిగిన గిన్నెలు మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

మామయ్య ఆ కాగితాలు తెప్పించుకుని చదివాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, ఆ కాగితాలు మడిచి పక్కన పెట్టి తల దించుకున్నాడు. "అద్దాలతో కుదిరేది కాదమ్మాయ్ ఇది" అని నాతో అన్నాడు. అలా అని వారం తిరక్కుండా కారు కొనుక్కొచ్చాడు. కళ్ళు తన చేతిలో లేవు కాబట్టి దారయినా కుదురుద్దామనుకున్నాడు. సొంత కారయితే కావలసినచోట ఆపుకోవచ్చు, కిటికీలు తీసుకోవచ్చు, నెమ్మదిగా పోవచ్చు. అత్తయ్యని అక్క దగ్గరికి చేర్చాలి, అక్కకి ఇంకా చూపు ఉండగానే చేర్చాలి. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఉన్న పని అదొక్కటే.

అది చిన్న హ్యాచ్‌బ్యాక్. ఎవరో వాడి వదిలేసింది. పాలు ఎక్కువైన టీ రంగు. వెనక డిక్కీలో రెండు సంచులు పెడితే మూడోది ఒళ్ళో పెట్టుకోవాలి. అయినా, ఎప్పుడో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు జేబులో పెట్టుకు తిరుగుతున్న మామయ్యకి అది మొదటి కారు. చిన్నప్పుడు అన్నం తినే పళ్ళేన్ని స్టీరింగులా తిప్పుతూ ఇల్లంతా తిరిగేవాడని, పళ్ళెం లాక్కుంటేగానీ అన్నం పెట్టడానికి వీలయ్యేది కాదని మా అమ్మ చెప్పేది. నెరిసిన జుట్టుతో ఆ స్టీరింగు ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన మొహం చూసి నాకు ఆ పళ్ళెమే గుర్తొచ్చింది.

మొదటి ఆదివారం అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. నేను వెనక సీట్లో, ఒళ్ళో నిమ్మకాయల సంచితో. రైల్వే గేటు దాకా బాగానే ఉంది. గేటు దాటాక అత్తయ్య కళ్ళు మూసుకుంది. ఆ తరువాత జరిగింది చెప్పనక్కరలేదు. ఇంటికి తిరిగొచ్చాక మామయ్య కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, దీన్ని బాగుచేయాలి అన్నాడు.

బాగుచేయడానికి ఆయన వెళ్ళింది కారు సామాన్లు అమ్మే అతని దగ్గరికి. అతన్ని బజారులో అందరూ అలంకారం అంటారు. ఏ కారు కనిపించినా దానికేమేం లేవో చెప్పగల సమర్థుడు. మామయ్య వెళ్ళి మా ఆవిడకి ప్రయాణం హాయిగా ఉండాలి అన్నాడో లేదో, హాయికి కావలసినవన్నీ బల్ల మీద పరిచేశాడు. ఇక ప్రతి ఆదివారం ఒక కొత్త హంగు. ముందు మందపాటి రెక్సిను సీటు కవర్లు వచ్చాయి. ఎండ అత్తయ్య మొహాన పడకూడదని అద్దాలకి నల్ల ఫిల్ము వచ్చింది. దుర్వాసన రాకుండా మల్లెపూల సెంటు సీసా, దానికి తోడుగా గులాబీల సెంటు సీసా వచ్చాయి. మనసు మళ్ళడానికి పాటలు, ఆ పాటలకి డిక్కీ నిండా పెద్ద స్పీకరు. చివరికి తళతళలాడే పెద్ద చక్రాలు, వాటికి పలచటి టైర్లు. రోడ్డుని పట్టుకుని కదలకుండా పోతుందట. వెనక రెక్క ఒకటి ఎందుకు పెట్టించావని నేను అడిగితే, గాలి కోసం అన్నాడు. ఏ గాలి అని అడిగితే మాట మార్చేశాడు.

ఆ కారుకి ఆయన చేసిన సేవ నేను మరిచిపోలేను. షాపులో వాడే మెత్తటి గుడ్డతో అద్దాలు తుడిచేవాడు. సీటు కవరు అంచు ఎక్కడైనా లేస్తే తన బుల్లి స్క్రూడ్రైవరుతో లోపలికి తోసేవాడు. ఆ వీధిలో అందరూ ఈ ముస్తాబు చూసి నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఎగరడానికి సిద్ధంగా ఉందా అని రోజూ ఆటపట్టించేదాన్ని. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆ హంగులన్నీ తన కోసమేనని ఆవిడకి తెలుసు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా బాగుందండీ అనేది. ఆ మాట అన్నందుకే తరువాత అనుభవించింది.

ఎందుకంటే రెండోసారి బయలుదేరినప్పుడు రైల్వే గేటు దాకా కూడా రాలేదు. కొత్త రెక్సిను వాసన, మల్లె, గులాబీ మూడూ కలిసి వెనక ఉన్న నాకే తల తిరిగింది. నల్ల ఫిల్ము వల్ల బయట ఏమీ కనిపించదు. పలచటి టైర్ల పుణ్యమా అని రోడ్డు మీద ప్రతి గులకరాయీ ఒంటికి తెలుస్తోంది. స్పీకరు దడదడ కడుపులోకే వస్తోంది. ఇంటి మలుపు దాటాక అత్తయ్య చెయ్యి ఎత్తింది. కారు ఆగింది. మామయ్య ఆవిడ వీపు నిమురుతూ రోడ్డు పక్కన నిలబడ్డాడు. కాలుగాలిన పిల్లిలా అన్ని ఆదివారాలు తిరిగి ఆయన చేసిన పనంతా ఆ మట్టిలో పోయింది.

ఆ తరువాత కారుని గ్యారేజీకి తీసుకెళ్ళాడు. అక్కడి మెకానిక్ దాన్ని ముందు నుంచి వెనక దాకా చూసుకుంటూ వచ్చాడు. మా మామయ్యంటే అతనికి గౌరవం. మెకానిక్ కళ్ళజోడు కుదిర్చింది ఈయనే. ఆఖరికి, "సార్, దీనికి పెట్టినవన్నీ ముందు తీసేద్దాం" అన్నాడు. మామయ్యకి గుండెల్లో రాయి పడింది. అయినా ఊఁ అన్నాడు. రెక్సిను పోయి ఉతుక్కోగల నూలు గుడ్డ వచ్చింది. ఫిల్ము పీకేశారు. సెంటు సీసాలు రెండూ నాకు బహుమతిగా వచ్చాయి, నేను వాటిని ఆఫీసులో పంచేశాను. పాత చిన్న చక్రాలు వెతికి తెచ్చి మళ్ళీ ఎక్కించారు. అసలు చేయవలసిన పనులు అప్పుడు చేశారు. అరిగిపోయిన షాక్ అబ్జార్బర్లు మార్చారు. ఇంజను ఊగకుండా దాని కింది రబ్బరు దిమ్మలు కొత్తవి వేశారు. తలుపుల లోపల మందపాటి పట్టీలు అతికించి చప్పుడు తగ్గించారు. వెనక రెక్క ఒక్కటి మాత్రం మామయ్య ముచ్చటపడి ఉంచుకున్నాడు. మెకానిక్ అది చూడనట్టు ఊరుకున్నాడు.

ఈసారి కారు నిజంగా బాగుపడింది. నీళ్ళ గ్లాసు ముందు పెట్టుకుని వెళ్ళొచ్చు అనిపించింది. రైల్వే గేటు దాటాం, పొలాలు దాటాం, కొండ మొదలుకి చేరాం. అత్తయ్య మామయ్యకేసి చూసి నవ్వింది కూడా. మొదటి మెలిక తిరిగింది. ఆవిడ మొహంలో రంగు పోయింది. ఇంకో మెలిక దాకా పళ్ళ బిగువున ఓర్చుకుంది, ఇక ఆగలేకపోయింది. అక్కడి నుంచే కారు వెనక్కి తిప్పాం.

ఇంటికొచ్చాక అత్తయ్య పడుకుని, నీరసంగా అంది: "ఇంక చాలండి. నాకు కడుపులో తిప్పడం అలవాటే. ప్రతిసారీ మీరలా మొహం వేలాడేసుకుంటుంటే అది మాత్రం చూడలేను."

మామయ్య కారు తాళంచెవి మేకుకి తగిలించి షాపుకి వెళ్ళిపోయాడు. ఆ వారంలో అక్క మళ్ళీ ఫోను చేసింది. గడియారం ముళ్ళు కనిపించడం లేదంది. అత్తయ్య ఎప్పుడొస్తుందని అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ బాధపెట్టింది.

నాకు కోపం త్వరగా వస్తుంది. ఎవరి మీదో తెలియని కోపం అయితే ఇంకా త్వరగా వస్తుంది. ఆ కోపంతోనే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా షాపుకి వెళ్ళాను. అప్పుడే మామయ్య ఎవరో పెద్దాయనకి జోడు పెట్టి, మలుపు దాకా నడిచి రమ్మని పంపించి, గుమ్మంలో నిలబడి ఆయన కాళ్ళకేసి చూస్తున్నాడు. ఆ దృశ్యం నేను వందసార్లు చూసి ఉంటాను. ఆ రోజు మాత్రం చూసి ఊరుకోలేకపోయాను.

"మామయ్యా, అత్తయ్య కూర్చునే సీట్లో నువ్వెప్పుడైనా కూర్చున్నావా?" అని అడిగాను.

"కారు నడిపేది నేను. పక్క సీట్లో నేనెందుకు కూర్చుంటాను?" అన్నాడు.

అన్నాక తన మాట తనకే వినిపించినట్టుంది. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. పెద్దాయన మలుపు నుంచి తిరిగొచ్చి బాగానే ఉందండీ అంటే, ఆయన కాళ్ళకేసి చూడడం కూడా మరిచిపోయాడు. కవర్లు, చక్రాలు, షాకులు అన్నీ ఆయన స్టీరింగు వెనక కూర్చునే చూసుకున్నాడు. అవన్నీ ఎవరి కోసమో ఆ మనిషి కూర్చున్నచోట మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్‌ని బతిమాలి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని కొండకి బయలుదేరాడు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెనక ఎక్కాను. మొదటి మెలిక దాకా మామయ్య హుషారుగా ఉన్నాడు. తరువాత మాటలు తగ్గాయి. ఆ తరువాత అద్దం పూర్తిగా దించాడు. ఇంకో నాలుగు మెలికలు తిరిగేసరికి కారు ఆపమని సైగ చేసి, తలుపు తీసుకుని, రోడ్డు పక్కన గోడ పట్టుకుని వంగిపోయాడు. జీవితంలో ఎన్నడూ వాంతి ఎరగని మనిషి. నేను నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తాను. ఆయన మొహం కడుక్కుని లేచి నిలబడితే, పాలిపోయిన ఆ మొహంలో పట్టరాని సంతోషం కనిపించింది.

"తెలిసిందమ్మాయ్" అన్నాడు. "రోడ్డు ఎటు తిరుగుతుందో నాకు ముందే తెలుస్తుంది, తనకి తెలియదు. అదీ సంగతి."

మెకానిక్ అటు తిరిగి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, తనకీ అంతేనని చెప్పాడు. పక్క సీట్లో కూర్చుంటే అతనికీ కడుపులో తిప్పుతుందట, స్టీరింగు తన చేతిలో ఉంటే ఎంత కొండయినా ఏమీ కాదట. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట, మెకానిక్‌కి కారు పడదంటే బేరాలు పోవూ అన్నాడు. అందరం నవ్వాం. మామయ్య ఒక్కడే నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, డ్రైవరు సీటుకేసి చూశాడు.

ఆ చూపు నాకు అర్థమైంది, ఆ సీటు ఇక అత్తయ్యది. తిరుగు దారిలో అడిగేశాను, ఎన్నేళ్ళ కోరిక మామయ్యా, బాధగా లేదా అని.

"లేదంటే అబద్ధం" అన్నాడు. మళ్ళీ తనే, "కానీ జోడు ఎవరి కళ్ళకి కావాలో వాళ్ళ మొహానే కదా పెట్టాలి" అన్నాడు.

అత్తయ్య మొదట ససేమిరా అంది. ఈ వయసులో తనకి డ్రైవింగేమిటి, నలుగురూ నవ్వుతారంది. నవ్వే నలుగురూ కలిసి నిన్ను మీ అక్క దగ్గరికి తీసుకెళతారా అని మామయ్య అడిగాడు. ఆవిడ లేచి వెళ్ళి మేకుకున్న తాళంచెవి తీసి చేతిలో పెట్టుకు చూసుకుంది. నువ్వు నడుపు, పక్కన కూర్చుని కక్కుకునే పని ఇకనుంచి నాది అన్నాడు మామయ్య. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ కారుకి జరిగిన ఆఖరి మార్పు అది. అన్నిటికన్నా చిన్నదీ అదే. సీట్లో అత్తయ్యని కూర్చోబెడితే ముందు రోడ్డు కనిపించదు, కాళ్ళు పెడల్స్‌కి అందవు. మామయ్య ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, షాపులో ముక్కులు కొలిచే చిన్న స్కేలుతో మోకాలి నుంచి మడమ దాకా, నడుము నుంచి కంటి దాకా కొలిచాడు. ఆ కొలతలకి మెకానిక్ ఇనుప పలకలు కోసి సీటు కింద బిగించి, దాన్ని ఎత్తుకీ ముందుకీ జరిపాడు. పెడల్స్‌కి మందపాటి రబ్బరు దిమ్మలు తొడిగాడు. అరమిల్లీ ఎక్కువైందని ఒకటి రెండుసార్లు విప్పించి మళ్ళీ బిగింపించాడు మా మామయ్య. ఆ సీట్లో ఆయన కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి తగులుతాయి. అంటే తన మొదటి కారుని తను ఇక నడపలేడు.

గోదాముల వెనక ఖాళీ స్థలంలో అత్తయ్య నేర్చుకుంది. మొదట్లో కారు కప్పలా గెంతేది. గేరు మార్చేటప్పుడల్లా క్షమించమని కారునే అడిగేది. కానీ కౌంటరు దగ్గర ఏళ్ళ తరబడి ఎంత రద్దీలోనూ తొణక్కుండా పనిచేసిన మనిషి ఆవిడ. చెయ్యి కుదురుకున్నాక ఆ తొణక్కపోవడమే కారులోకీ వచ్చింది. లైసెన్సు పరీక్షలో ఆవిడని చూసి నవ్విన అధికారే దగ్గరుండి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం మామయ్య షాపు గుమ్మంలో నిలబడి, ఒకసారి మలుపు దాకా వెళ్ళి రమ్మన్నాడు. ఆవిడ వెళ్ళి వచ్చింది. ఈయన చక్రాలకేసి చూస్తూ నిలబడ్డాడు. బజారంతా చూస్తోంది, ఎవరూ నవ్వలేదు.

కొండకి వెళ్ళిన రోజు తెల్లగా ఎండ కాస్తోంది. అత్తయ్య స్టీరింగు ముందు నిటారుగా కూర్చుంది. నిమ్మకాయల సంచి మామయ్య ఒళ్ళోకి మారింది. మొదటి మెలిక వచ్చింది. ఆవిడ హారను కొట్టి, గేరు మార్చి, మెలిక తిరిగేసింది. రెండోది, మూడోది. ఆవిడ మొహంలో రంగు అలాగే ఉంది. పక్కన మామయ్య మొహంలో మాత్రం లేదు. ఆయన కోసం రెండుచోట్ల ఆగాం. రెండోసారి ఆగింది కొండ నెత్తిన. అటు పక్కనంతా లోయ, కింద దారంలా నది, దూరంగా అక్క వాళ్ళ ఊరి కప్పులు. ఆ దారిలో అత్తయ్య ఎప్పుడూ కళ్ళు తెరుచుకుని ఇంత దూరం రాలేదు.

"ఇంత బాగుంటుందా ఇక్కడ" అని చాలాసేపు చూసింది. తరువాత గోడ దగ్గర వంగి ఉన్న భర్త వీపు మీద చెయ్యి వేసింది. "మీకెలా చెప్పాలో నాకు తెలియడం లేదండీ."

"తరువాత చెబుదువుగానీ, ముందు ఆ నీళ్ళ సీసా ఇవ్వు" అన్నాడాయన.

అక్క వాళ్ళ ఇల్లు చిన్నది, ముందు పొడుగాటి నడవ, చివర ఇనుప గేటు. కారు చప్పుడు విని అక్క గుమ్మంలోకి వచ్చింది. అత్తయ్య డ్రైవరు తలుపు తీసుకుని దిగి, పరుగున వెళ్ళి ఎదురుగా నిలబడి, అక్కా అంది. అక్క ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది. వెతుకుతున్నట్టు ఇటు కదిపింది తల, అటు కదిపింది. "గొంతు నీదే. మొహం... మధ్యలో అడ్డుగా ఉందే" అంది మెల్లగా. అత్తయ్య మొహం ఇంకా దగ్గరికి తెచ్చింది. ఇంత దూరం వచ్చి ఆలస్యమైపోయిందని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మామయ్య అప్పటికి కారు దిగి మెట్టు మీద కూలబడి ఉన్నాడు. చేతిలో నిమ్మచెక్క. అక్కడి నుంచే, నీరసం గొంతుతో అన్నాడు: "అంత దగ్గరగా, ఎదురుగా నిలబడకు. ఓసారి ఆ గేటు దాకా నడిచి రా. వదినగారూ, మీరు తనకేసి చూడకండి, పక్కనున్న గోడకేసి చూడండి, తను కంటి అంచున పడుతుంది."

అత్తయ్య కళ్ళు తుడుచుకుని నడిచింది. నడవ మీద ఎండ పడుతోంది. అక్క గోడకేసి తిరిగి నిలబడింది. అత్తయ్య గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వస్తోంది. అక్క మొహం ఒక్కసారిగా విప్పారింది.

"జుట్టంతా తెల్లబడిపోయిందేమిటే నీకు" అంది. ఇంకో నాలుగు అడుగులు పడ్డాక, "అమ్మ నడకే నీది. అచ్చం అమ్మే వస్తున్నట్టుంది" అంది.

అత్తయ్య నడవ మధ్యలో ఆగిపోయి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఆగుతావేమే, ఇంకోసారి నడు అంది అక్క. ఆవిడ ఏడుస్తూనే నడిచింది. గేటు దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అక్క గోడకేసి తిరిగి, తనివితీరా చూసుకుంది.

నేను మామయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఆయన ఈసారి నడిచే మనిషి కాళ్ళు చూడడం లేదు. చూస్తున్న మనిషి మొహంకేసి చూస్తున్నాడు. కాసేపటికి నిమ్మచెక్క కింద పెట్టి, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

"కుదిరింది."